అద్దాల బీరువాలో బోర్డో

*ఫ్రాన్సులో మంచి ఏడాది పండిన ద్రాక్ష, అక్కడి నేలమాళిగలో ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. ఖమ్మం ఎండకు రెండు వేసవుల్లో చచ్చిపోతుంది. రెడ్ వైన్ రుచి, దాపు, దర్జాల మీద ఒక చూపు.*

ఎర్రుపాలెం. మే నెల, మధ్యాహ్నం రెండున్నర. విజయవాడ వైపు గూడ్సు బండి పోతుంటే స్టేషను దాపునున్న ఇంట్లో కిటికీ అద్దాలు సన్నగా వణుకుతాయి. హాల్లో అద్దాల బీరువా. పై అరలో కొండపల్లి బొమ్మలు, కొడుకు పట్టా పుచ్చుకుంటున్న ఫొటో. కింది అరలో, ట్యూబులైటు వెలుగు సూటిగా పడేచోట, నిలువుగా నిలబెట్టిన ముదురాకుపచ్చ సీసా. దాని మీద ఫ్రెంచి కోట బొమ్మ, 2016 అనే అంకె.

రెండేళ్ల కిందట డాలస్ నుంచి వస్తూ కొడుకు తెచ్చాడు. "నాన్నా, ఇప్పుడే తీయొద్దు. మంచి ఏడాది సరుకు. దాచేకొద్దీ రుచి పెరుగుద్ది" అని మరీ మరీ చెప్పి వెళ్లాడు. నాన్న దాచాడు. కూతురి నిశ్చితార్థం రాత్రి, భోజనాలయ్యి ఆడవాళ్లు లోపల సర్దుకుంటుండగా, బావమరుదులిద్దరితో మేడెక్కి సీసా బయటికి తీశాడు. కార్కు అప్పటికే రేకు తొడుగును నెట్టుకుని పైకి లేచి ఉంది. మెడ చుట్టూ జిగట. స్టీలు గ్లాసుల్లో పోస్తే రంగు గోధుమకు తిరిగిపోయింది. ఉడికిన ఎండుద్రాక్ష వాసన, దాని వెనకే వెనిగర్ ఘాటు. చిన్న బావమరిది ఒక్క గుక్క మింగి మొహం చిట్లించాడు.

"ఇదేనా బావా, కోటీశ్వరులు తాగేది? దీనికన్నా తాటికల్లు నయం గదా!"

ఈ ఇల్లు ఎవరిదని అడక్కండి. మధిర, వైరా, సత్తుపల్లి, ఖమ్మం... కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఏ వీధిలో చూసినా కాస్త అటూ ఇటూగా ఇదే కథ. విదేశం నుంచి వచ్చేవాళ్లు రెండు లీటర్ల మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. చాక్లెట్లతో పాటు ఒక సీసా రావడం ఆనవాయితీ అయింది. విస్కీ అయితే పర్వాలేదు, మూత తీయనంత కాలం అది పెద్దగా మారదు. వైన్ సంగతి వేరు. అది సీసాలో కూడా మారుతూనే ఉంటుంది. బాగుపడటమో పాడవటమో పెట్టిన చోటును బట్టి.

అంకె వెనక ఏముంది?

సీసా మీది సంవత్సరం తయారీ తేదీ కాదు, ద్రాక్ష కోసిన ఏడాది. ఆ ఏడు వాన ఎప్పుడు పడింది, ఎండ ఎంత కాసింది, కోతకు ముందు రాత్రులు చల్లగా ఉన్నాయా అన్నదంతా ఆ నాలుగంకెల్లో ఉంటుంది. పంట పండించేవాడికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. కోత మీద ఉండగా వాన పడితే ఏమవుతుందో ఎర్రుపాలెం పత్తి రైతుకూ తెలుసు, బోర్డో ద్రాక్ష రైతుకూ తెలుసు.

ఫ్రాన్సు నైరుతి తీరాన ఉన్న బోర్డోలో 2016 వసంతమంతా ముసురు. తోటలకు తెగుళ్ల భయం. జూన్ నడిమికి వాన ఆగిపోయింది, జులై ఆగస్టుల్లో నేల బీటలు వారింది. ముందు కురిసిన నీరు లోపల ఉండటంతో తీగ తట్టుకుంది. సెప్టెంబరులో ఒక జల్లు, తర్వాత వెచ్చటి పగళ్లు, చల్లటి రాత్రులు. కాయకు తీపి ఎక్కింది, పులుపు పోలేదు, తొక్కలో వగరు ముదిరింది. అందుకే 2016కు అంత పేరు. 2013లో అదే నేల, అదే తీగలు, అదే మనుషులు. వానలు కలిసిరాక ఆ ఏటి సరుకు పలచబడింది.

పేరుపడ్డ ఏళ్లను చెప్పుకోవడం అక్కడివాళ్లకు ముచ్చట. 1945, 1961, 1982, 2005, 2009, 2010 అంటూ వరస చెబుతారు. 1982కు ఒక అమెరికన్ లాయరు కథ కూడా ఉంది. రాబర్ట్ పార్కర్ అనే మేరీలాండ్ వాసి 1978లో సొంతంగా ఒక వైన్ పత్రిక మొదలుపెట్టి, బడిలో వేసినట్టు నూటికి ఇన్ని మార్కులని వేశాడు. 1982 పీపాల్లో ఉండగానే అద్భుతమన్నాడు. కొందరు పెద్దలు పెదవి విరిచారు. కాలం పార్కర్ పక్షానే తీర్పు చెప్పింది. ఆ తర్వాత పాతికేళ్లు ఆయన మార్కు పెరిగితే ధర పెరిగింది, తగ్గితే తగ్గింది. ఒక్క మనిషి నాలుక మీద ఒక ప్రాంతం బతుకు ఆధారపడటం మంచిదేనా అంటే, నాకైతే కాదనే అనిపిస్తుంది.

అయితే మంచి ఏడాది అంకె ఉన్న ప్రతి సీసా దాచదగ్గది కాదు. విమానాశ్రయపు అరల్లో కోట బొమ్మతో దొరికేవాటిలో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలో తాగడానికి చేసినవే. ప్రపంచంలో తయారయ్యే వైన్లో చాలావరకు అంతే. పదేళ్లకు పైగా నిలిచేది కొద్ది తోటల సరుకు మాత్రమే.

ఒక్క సీసాకు ఖరీదెంత?
*(బాక్సు)*

2018 అక్టోబరులో న్యూయార్క్ సోద్‌బీస్ వేలంలో బర్గండీ ప్రాంతపు రొమానీ కాంటి 1945 సీసా ఒకటి 5,58,000 డాలర్లు పలికింది. ఇంత డబ్బు ఉన్నచోట దొంగ ఉండడా? ఇండోనేసియాలో పుట్టిన రూడీ కుర్నియవాన్ లాస్ ఏంజిలస్ ఇంటి వంటింట్లో చవక వైన్లు కలిపి, పాత లేబుళ్లు అంటించి కోట్లకు అమ్మాడు. అమెరికా కోర్టు 2013లో దోషిగా తేల్చి తర్వాత పదేళ్ల శిక్ష వేసింది. 1985లో లండన్ క్రిస్టీస్‌లో 1,05,000 పౌన్లకు అమ్ముడైన 1787 లఫీట్ సీసా ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్‌దేనన్న మాట మీద నేటికీ తగాదా తీరలేదు.

ఎండలో జరిగిన హత్య

ఎర్ర వైన్లో పులుపు, వగరు, ఆల్కహాలు, రంగు పదార్థాలు కలిసి ఉంటాయి. వగరు ద్రాక్ష తొక్క, గింజల నుంచి వస్తుంది. పీపా కర్ర నుంచి ఇంకొంత. కొత్త వైన్లో అది నాలుకను పట్టేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వగరు పదార్థాలు ఒకదానితో ఒకటి ముడిపడి పెద్దవై, కొంత మడ్డిగా అడుగుకు చేరుతుంది. రుచి మెత్తబడుతుంది. పచ్చి పండు వాసన పోయి తోలు, ఎండుటాకు, పొగాకు వాసనలు తొంగిచూస్తాయి. ఊదా ఎరుపు మెల్లగా ఇటుక ఎరుపుకు దిగుతుంది.

ఇదంతా నెమ్మదిగా జరగాలి. పన్నెండు నుంచి పద్నాలుగు డిగ్రీల దగ్గర, చీకట్లో, కదలిక లేకుండా, గాలిలో తేమ డెబ్బై శాతం దరిదాపుల్లో ఉండగా జరగాలి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. ఖమ్మం జిల్లాలో మే నెల నలభై అయిదు దాటడం వింత కాదు, మూసి ఉన్న హాల్లో రాత్రిపూట కూడా ముప్ఫై అయిదు. పైగా వేగం పెరిగితే ఇరవై ఏళ్ల మార్పు రెండేళ్లలో వస్తుందనుకుంటే పొరపాటు. ఆ వేడికి జరగకూడని చర్యలే ముందు జరుగుతాయి. ద్రవం వ్యాకోచించి కార్కును పైకి నెడుతుంది. రాత్రి చల్లబడితే లోపలికి గాలి పీల్చుకుంటుంది. సీసా నిలువుగా ఉంటే కార్కు అడుగు తడి ఆరి ముడుచుకుంటుంది, గాలికి దారి ఇంకా సులువు. ట్యూబులైటు మిగతా పని చూస్తుంది. బీరువాలో పెట్టిన నాన్న తప్పేమీ లేదు. "దాచు" అని చెప్పిన కొడుకు ఎక్కడ దాచాలో చెప్పలేదు.

నిజానికి ఖమ్మం జిల్లాకు దాపు అంటే ఏమిటో బాగా తెలుసు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కల్లాల్లో ఆరబోసిన తేజా మిర్చిని ధర కలిసిరాకపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టి, మార్కెట్లో "ఏసీ మిర్చి"గా నెలల తర్వాత అమ్ముకునే రైతుకు చల్లదనం విలువ చెప్పాలా? బయట గోనెసంచిలో వదిలేసిన కాయ తెల్లబారుతుంది, ఏసీలో పెట్టింది రంగు నిలుస్తుంది. బోర్డో వ్యాపారి నేలమాళిగలో చేసేదీ ఇంతే. తేడా ఒక్కటే, మిర్చి దాపులో బాగుపడదు, నిలుస్తుందంతే.

ఇంట్లో సీసా ఉంటే
*(బాక్సు)*

ఎర్ర వైన్‌ను "గది ఉష్ణోగ్రత"లో తాగాలన్న మాట చలిదేశపు రాతి ఇళ్లలో పుట్టింది. ఆ గదులు పదహారు, పద్దెనిమిది డిగ్రీలు. మన గది అది కాదు. ఫ్రిజ్ కింది కూరగాయల అరలో పడుకోబెట్టండి. ఏళ్ల తరబడి దాచడానికి ఫ్రిజ్ సరికాదు, మరీ చల్లన, మరీ పొడి. కానీ వేసవిలో బీరువాకన్నా వెయ్యి రెట్లు మేలు. తాగే అరగంట ముందు బయట పెడితే చాలు. పాత సీసా అయితే ముందు రోజే నిలబెట్టి మడ్డి దిగనివ్వండి, మెల్లగా వేరే పాత్రలోకి వంచండి. తీశాక మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచినా రెండు మూడు రోజులకు మించి నిలవదు.

గ్లాసు ముందు

రుచి చూడటం అంటే నడుం వంచి గ్లాసుకు దండం పెట్టడం కాదు. మూడో వంతు పోసి, తెల్లగుడ్డ మీద ఒంచి అంచు రంగు చూస్తారు. గ్లాసు తిప్పి వాసన పీలుస్తారు. కొంచెం నోట్లో తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మింగాక రుచి ఎంతసేపు ఉందో లెక్కబెడతారు. మంచిదైతే ఆ రుచి మూడు సెకన్లలో పోదు. అంతే విద్య. బోర్డోలో నది ఎడమ గట్టున పండే కాబర్నే సావిన్యోలో నల్లని చిన్న పండ్ల వాసన, దేవదారు చెక్క, పొగాకు అని పుస్తకాల్లో ఉంటుంది. జంగారెడ్డిగూడెం వైపు పొగాకు బారన్ల పక్కన పెరిగినవాళ్లు ఆ చివరి మాట దగ్గర ఊహించుకోనక్కర్లేదు. వాసనల జ్ఞాపకం మనకే ఎక్కువ, పుస్తకాల్లో మన మాటలు లేవు కనుక మనకు రుచి తెలియదనుకుంటాం.

గుండెకు మంచిదని తాగుతున్నామనేవాళ్లు మాత్రం ఆ సాకు వదులుకోవాలి. ఫ్రెంచివాళ్ల గుండె జబ్బుల లెక్కలు చూపి 1991లో అమెరికా టీవీ ఒకటి రెడ్ వైన్‌ను ఆకాశానికెత్తాక ఆ మాట ప్రపంచమంతా పాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పిందేమిటంటే, ఎంత తాగితే క్షేమం అనే పరిమాణమేదీ లేదని. రుచి కోసం తాగుతున్నానంటే అది నిజాయితీ.

గోల్కొండ తీగ

వైన్ మనకు ఎన్నారైలు తెచ్చిన వింత కాదు. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు శిల్పాల్లో ఒక గడ్డం మనిషి, అర్ధనగ్నంగా, చేతిలో కొమ్ము పాత్రతో నిలబడి ఉన్నాడు. గ్రీకుల మధుదేవుడు డయోనిసస్‌తో అతన్ని పురావస్తు పండితులు పోల్చారు. రోము నుంచి ఓడల్లో వచ్చిన సరుకుల్లో వైన్ కూడా ఉండేది, ఆ జ్ఞాపకం రాతిలోకి ఎక్కింది.

17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యం చూసిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో ఇక్కడి ద్రాక్షతోటల గురించి, జనవరిలోనే పండే కాయల గురించి, వాటితో చేసే తెల్ల వైన్ గురించి రాశాడు. తర్వాత హైదరాబాదు పేరు నిలబెట్టింది అనాబ్-ఎ-షాహీ. 19వ శతాబ్దం చివర్లో అబ్దుల్ బాకర్ ఖాన్ ఈ తీగను నగరానికి తెచ్చారని చెబుతారు. పెద్ద పెద్ద లేతాకుపచ్చ కాయ, ఎకరాకు లెక్కకు మించిన దిగుబడి. శామీర్‌పేట, మేడ్చల్, కీసర వైపు పందిళ్లు అల్లుకున్నాయి. తర్వాత బోర్లు ఎండాయి, ప్లాట్ల ధర తీగ ధరను మింగింది. రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రం తలుపులు ఏటా ఫిబ్రవరి, మార్చిల్లో జనానికి తెరిస్తే, చిన్నప్పుడు పందిరి కింద ఆడుకున్నవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళతారు.

ఆ కాయ తినడానికి బాగుంటుంది, మంచి ఎర్ర వైన్‌కు పనికిరాదు. వైన్ ద్రాక్ష చిన్నది, తొక్క మందం, గింజ ఎక్కువ. ఒకప్పుడు హైదరాబాదు నుంచి 'గోల్కొండ రూబీ' పేరుతో వచ్చిన తియ్యటి ఎర్ర వైన్ మన పాత తరానికి తెలిసిన ఏకైక వైన్. అందుకే ఇప్పటికీ మనవాళ్లు వైన్ అంటే తీపి ఆశిస్తారు, వగరు తగిలితే చెడిందనుకుంటారు.

హంపి కొండల్లో తెలుగు జంట

ఈ కథలో మనవాళ్ల మలుపు హంపి దగ్గర ఉంది. హైదరాబాదు మందుల కంపెనీ గ్రాన్యూల్స్ అధినేత చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ. ఏడు ఖండాల్లోనూ మారథాన్లు పరిగెత్తిన దంపతులు. ఇద్దరి పేర్లూ కలిపి 'కృష్మా' అని, కర్ణాటక కొప్పళ జిల్లాలో ద్రాక్షతోట, వైనరీ పెట్టారు. కాబర్నే సావిన్యో, సాంజియోవేసే, సావిన్యో బ్లాంక్, షార్డనే. వాళ్ల కాబర్నేకు దేశంలోని వైన్ రాతగాళ్ల మెప్పు దక్కింది.

మన నేల మీద వైన్ చేయడం తలకిందుల వ్యవసాయం. చలిదేశంలో తీగ శీతకాలం నిద్రపోతుంది. ఇక్కడ నిద్ర లేదు కనుక రైతే కత్తెరతో నిద్రపుచ్చాలి. ఏప్రిల్లో ఒక కత్తిరింపు, కొమ్మ కోసం. అక్టోబరులో ఇంకోటి, కాయ కోసం. కోత ఫిబ్రవరి, మార్చి. చలికాలపు రాత్రులు చల్లగా ఉండి, జనవరిలో అకాల వర్షం రాకపోతే అది మంచి ఏడు. అంటే ఖమ్మం మామిడి పూతకు భయపడే రోజుల్లోనే హంపి ద్రాక్ష రైతూ ఆకాశం వైపు చూస్తుంటాడు. నందికొండల గ్రోవర్ 'లా రిజర్వ్', నాసిక్ సులా 'రాసా', అక్లూజ్ ఫ్రాటెల్లి 'సెట్టె' కూడా దాచి చూడదగ్గ దేశీ ఎర్ర వైన్లే. వీటిని ముప్ఫై ఏళ్లు దాచమని ఎవరూ అనరు. అయిదేళ్లు, సరైన చోట పెడితే ఎనిమిదేళ్లు. మన బడ్జెట్‌కు, మన ఎండకు ఈ లెక్కే బాగుంది.

బోర్డు మీద వైన్స్

2025 అక్టోబరులో తెలంగాణ అంతా మద్యం దుకాణాల లాటరీ గురించే మాట్లాడుకుంది. 2,620 దుకాణాలు, దరఖాస్తుకు వెనక్కిరాని 3 లక్షల రూపాయలు, 95 వేలకు పైగా దరఖాస్తులు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,800 కోట్లకు పైగా వచ్చింది. ఆ దుకాణాల మీద రాసి ఉండేది 'వైన్స్'. లోపల అడిగి చూడండి. క్వార్టర్లు, బీర్లు, ఎక్కడో మూల దుమ్ము పట్టిన రెండు వైన్ సీసాలు, అవీ నిలువుగా, రేకుల కప్పు కింద. కొన్న రోజే అవి చచ్చి ఉండొచ్చు.

దుకాణదారును తప్పుపట్టలేం. అంత కట్టి లైసెన్సు తెచ్చుకున్నవాడు రోజుకు వందల క్వార్టర్లు కదిలే అరను, నెలకొకటి కదిలే సీసాకు ఏసీ పెట్టి ఇవ్వడు. ఎర్రుపాలెం లాంటి సరిహద్దు మండలంలో లెక్క మరీ వేరు. 2019 తర్వాత ఆంధ్ర వైపు ధరలు పెరిగినప్పుడు గిరాకీ ఇటు పొంగింది, 2024 అక్టోబరులో అటు ప్రైవేటు దుకాణాలు, 99 రూపాయల క్వార్టరు వచ్చాక అటు మళ్లింది. ఆ వ్యాపారానికి రుచితో పని లేదు. విదేశీ వైన్ మీద దిగుమతి సుంకం చాలాకాలంగా 150 శాతం. ఆస్ట్రేలియాతో ఒప్పందం 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చాక అక్కడి సీసాల మీద అది మెట్టు మెట్టుగా దిగుతోంది. ధర తగ్గుతుంది సరే, చల్లటి అర లేని దుకాణంలో చవకగా చెడిన వైన్ దొరుకుతుందంతే.

ఇప్ప పూసే ఏడు

ఎర్రుపాలెం పొలాలు దాటి ఈశాన్యానికి, కొత్తగూడెం మీదుగా పాల్వంచ, భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు పోతే నేల మారుతుంది, చెట్టు మారుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే కోయ ఆడవాళ్లు బుట్టలతో ఇప్పచెట్ల కిందికి చేరతారు. రాత్రంతా రాలిన పువ్వు, కండగల లేతపసుపు పువ్వు. ఎండ ఎక్కకముందే ఏరాలి, ఎలుగుబంటి కన్నా ముందు ఏరాలి. పూత మీద గాలివాన కొడితే ఆ ఏటికి పువ్వు పలచన. ఆరబోస్తే గోధుమరంగుకు ముడుచుకుని ఏడాది పొడవునా నిలుస్తుంది. తింటారు, లడ్డూలు చేస్తారు, వేల్పులకు పెడతారు. నానబెట్టి పులియబెట్టి కుండల్లో కాస్తే సారా.

తాటికల్లు, జీలుగుకల్లు పొద్దున తీపి, మాపటికి పులుపు. వాటికి దాపు లేదు. ఇప్పకు ఉంది, పువ్వులోనే ఉంది. ఏడాదిని బట్టి, చెట్టును బట్టి, కాచిన చేతిని బట్టి రుచి మారుతుంది. వైన్ గొప్పతనమని పుస్తకాలు చెప్పేవన్నీ ఇవే కదా! బోర్డో సీసాకు బీరువాలో చోటు దొరికింది. ఇప్పసారా కుండకు మాత్రం ఎక్సైజు దాడి దొరికింది.

ఈ ముచ్చట చెప్పి తాగుడును పొగుడుతున్నానని అనుకోవద్దు. సారా ఏం చేస్తుందో ఈ నేలకు తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటమే 1993 అక్టోబరులో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. ఆ నిషేధం 1997లో పోయింది, ఆ తర్వాత ఊరూరా క్వార్టర్లు వచ్చాయి. నిలిచింది కంపెనీ మద్యం, నేరమై మిగిలింది ఇప్ప.

మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, ఆదివాసీ స్వయం సహాయక సంఘాల చేత చేయించి సీసాల్లో అమ్మిస్తోంది. మహారాష్ట్ర దహానులో ఒక డిస్టిలరీ ఇప్ప మద్యాన్ని పెద్ద ఊళ్ల బార్లలోకి తెచ్చింది. తెలంగాణకు అడవి ఉంది, చెట్టు ఉంది, చేయి తిరిగిన మనుషులున్నారు. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పానీయాల్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభలకు, పంచాయతీలకు ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. హైదరాబాదులో విధానం రాసేముందు ఎక్సైజు శాఖ చర్లలో, దుమ్ముగూడెంలో గ్రామసభ పెట్టించి, పువ్వు ఏరే ఆడవాళ్లనే మొదట అడగాలి. వాళ్లు వద్దంటే వద్దు.